ప్రెషర్ తగ్గించండి

కెల్లీవిల్, సిడ్నీ
11 ఫిబ్రవరి 2024

చాముండీ,

ఫోన్ చెయ్యకుండా మెయిల్ రాస్తోందేమిటి అనుకోకు. ఫోన్ చేస్తే మీ బావగారు "స్పీకర్లో పెట్టు" అంటారు. పెట్టాక ఆయన సంగతులు ఆయన ముందే మాట్లాడాలి. నువ్వూ మెయిల్‌కే జవాబు రాయి.

నిద్ర పరీక్ష రిపోర్టు వచ్చింది. గంటకి నలభై ఎనిమిది సార్లు ఊపిరి ఆగుతోందట. గురక అని ఇన్నేళ్ళు నవ్వుకున్నది అదేనన్నమాట. ముక్కుకి మాస్కు పెట్టి గాలి కొట్టే మిషన్ ఇచ్చారు. అది క్రమం తప్పకుండా వాడితేనే డ్రైవింగ్ అని డాక్టరు కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. రైల్వే సిగ్నళ్ళ ఇంజనీరు కారు లేకుండా సైట్లకి ఎలా వెళ్తాడు?

మిషన్ పదమూడు మీద పెట్టారు. ఈయన పడుకున్న పది నిమిషాలకే లేచి కూర్చుంటున్నారు. "ఇది మాస్కు కాదే విద్యా, పక్కింటివాడు ఆకులు ఊదే లీఫ్ బ్లోయర్" అంటారు. ఒక జాము గడిచేసరికి పీకి అవతల పడేస్తున్నారు. నువ్వు పనిచేసేది నిద్ర ల్యాబులోనే కదా, ఈ పదమూడు అంటే ఏమిటో నాకు అర్థమయ్యేలా రాయి.

ఇంకోటి. మొన్న మా ఫ్యామిలీ డాక్టరు, జీపీ, దగ్గర షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. ప్రెషర్ కూడా బాగా ఎక్కువ ఉందట. మిషన్ రాకముందు ఇంత లేదు. ఆ గాలి ప్రెషరే ఒంటికి ఎక్కుతోందేమోనని నా అనుమానం. నవ్వకు.

అక్క


సన్నీబ్యాంక్, బ్రిస్బేన్
19 ఫిబ్రవరి

విద్యక్కా,

నవ్వాను. ఏమనుకోకు.

నిద్రపోతే గొంతు కండరాలు వదులైపోతాయి. బావగారి గొంతు ఇరుకు కాబట్టి గోడలు దగ్గరికి పడి దారి మూసుకుపోతుంది. మిషన్ పంపే గాలి లోపలినుంచి ఆ గోడలకి దన్ను. పదమూడు అంటే పదమూడు సెంటీమీటర్ల నీటిని పైకి నెట్టేంత బలం. వినడానికి పెద్దగా ఉంటుంది కానీ, నిజానికి కొబ్బరినీళ్ళు స్ట్రాతో పీల్చడానికి కూడా అంతకంటే ఎక్కువ బలమే కావాలి. మొదట్లో మాత్రం చాలామంది తట్టుకోలేరు. అందుకే ర్యాంప్ అని ఒకటుంటుంది. తక్కువ గాలితో మొదలై, మెల్లగా అసలు అంకెకి చేరుతుంది. మిషన్ ఇచ్చిన షాపువాళ్ళు అది ఆన్ చెయ్యడం మరిచిపోయి ఉంటారు. మిషన్ మీద గుండ్రటి మీటా, దాని పక్క బటనూ రెండూ కలిపి కాసేపు నొక్కి పట్టుకో. డాక్టర్లు చూసే మెనూ వస్తుంది. ర్యాంప్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చెయ్యి.

ఇక రెండోది. షుగర్ తర్వాత చూసుకోవచ్చు. ప్రెషర్ మాత్రం అంత ఉండకూడదక్కా. ఈ వయసులో గుండెకి మంచిది కాదు. ముందు ప్రెషర్ తగ్గించండి. ఆలస్యం చెయ్యొద్దు.

పేషెంటు వచ్చేసింది, తలకి వైర్లు అతికించాలి. ఉంటాను.

చాముండి


కెల్లీవిల్
10 మార్చి

చాముండీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. ప్రెషర్ తగ్గించాను. ఆయనకి చెప్పలేదు. చెబితే ఎందుకు, ఎంత, ఎవరు చెప్పారు అని సిగ్నల్ ఫెయిలైనట్టు ఎంక్వయిరీ పెడతారు.

చాలా తేడా ఉంది. మాస్కు పొద్దుటిదాకా తియ్యడం లేదు. మిషన్ తెర మీద రోజూ ఆకుపచ్చ నవ్వు బొమ్మ వస్తోంది. దాన్ని అమూల్యకి ఫొటో తీసి పంపుతున్నారు, చిన్నపిల్లాడికి స్కూల్లో స్టిక్కర్ వచ్చినట్టు. అది "ప్రౌడ్ ఆఫ్ యూ, నాన్నా" అని కొడుతోంది.

నీ పుణ్యమా అని ఇద్దరం నిద్రపోతున్నాం.

అక్క


సన్నీబ్యాంక్
14 మార్చి

విద్యక్కా,

ఆయనకి తెలియకుండానా! ఉప్పు తగ్గించేశావా? గడుసుదానివి. మాత్ర కూడా మొదలుపెట్టించు, ఉప్పొక్కదానితో ప్రెషర్ దారికి రాదు.

మా ల్యాబుకి కొత్త హెడ్ కావాలట. నన్ను అప్లై చెయ్యమన్నారు. ఇక్కడ పదకొండేళ్ళుగా రాత్రిళ్ళు పనిచేశాను, పగటి ఉద్యోగం రావచ్చు. అయ్యేదాకా ఎవరికీ చెప్పకు.

చాముండి


కెల్లీవిల్
21 ఏప్రిల్

చాముండీ,

ఉప్పు కూడా తగ్గించాను. హెడ్ ఉద్యోగం నీకే వస్తుంది.

కొంచెం దిగులుగా ఉంది. శనివారం హారిస్ పార్క్‌లో మనవాళ్ళ హోటల్‌కి భోజనానికి వెళ్ళాం, శేషాచలం గారి దంపతులతో. దోసె ముందు పెట్టుకుని మీ బావగారు కూర్చున్నవారు కూర్చున్నట్టే నిద్రపోయారు. శేషాచలం గారు "ఏమయ్యా హేమచంద్రా, దోసె చల్లారిపోతోంది, నువ్వూ చల్లారిపోయావా?" అన్నారు. అందరూ నవ్వారు.

తిరిగొస్తుంటే విండ్సర్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగాం. పచ్చ లైటు పడింది. కారు కదల్లేదు. వెనకవాడు హారన్ కొడితే ఉలిక్కిపడ్డారు. "ఎండ" అన్నారు. ఇక్కడ చలి మొదలయ్యే ఏప్రిల్‌లో ఎండేమిటి?

కారులో ఇలా జరగడం ఇది రెండోసారి. ఎవరితోనూ అనకు, లైసెన్సు పోతుంది. మిషన్ బాగానే వాడుతున్నారు, నవ్వు బొమ్మ ఒక్కరోజు కూడా తప్పలేదు. మరి ఎందుకిలా?

అక్క


సన్నీబ్యాంక్
4 మే

అక్కా,

లీవులో ఉండి నీ మెయిల్ ఆలస్యంగా చూశాను. ఇది చదవగానే కారు తాళాలు దాచెయ్యి. తమాషాకి రాయడం లేదు.

నవ్వు బొమ్మ మాస్కు ఎంతసేపు పెట్టుకున్నారో చెబుతుంది, అంతే. గాలి గొంతును తెరిచి ఉంచుతోందో లేదో దానికి పట్టదు. తెర మీద ఇంకో అంకె ఉంటుంది, గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందని. ఐదులోపు ఉండాలి. అది చూసి పంపు. ఎక్కువుంటే షాపుకి ఫోన్ చెయ్యి. మొదటి రెండు వారాలే వాళ్ళు కంప్యూటర్లో చూస్తారు. తర్వాత మనం అడిగితే తప్ప చూసేవాడు ఉండడు.

చాముండి


కెల్లీవిల్
19 మే

చాముండీ,

అమూల్య నీకు ఫోన్లో చెప్పింది. మిగతాది నేను రాయాలి.

నీ మెయిల్ ఆదివారం చదివాను. అంకె చూశాను. ముప్పై ఒకటి. మర్నాడు షాపు తెరిచాక ఫోన్ చేద్దామనుకున్నాను. తాళాలు దాచలేదు. పొద్దున ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరుతుంటే "ఇవాళ రైల్లో వెళ్ళరాదూ" అన్నాను. "సైటు దగ్గర స్టేషన్ లేదు" అన్నారు. వెళ్ళనిచ్చాను.

విండ్సర్ రోడ్డు పక్కన ఒక ప్లంబరు తన యూట్, సామాను వేసుకునే బండి, ఆపుకుని టైరు మారుస్తున్నాడు. పేరు డేల్. ముప్పై ఆరేళ్ళు. ఇద్దరు పిల్లలు. మన కారు ఎడమకి వాలుతూ వెళ్ళి అతన్ని కొట్టింది. అతను అక్కడే పోయాడు. బ్రేకు వేసిన గుర్తు రోడ్డు మీద లేదని పోలీసులు రాసుకున్నారు. మీ బావగారికి పక్కటెముకలు విరిగాయి. స్పృహ వచ్చాక ఆయన అడిగిన మొదటి మాట, "ఎవర్ని?"

పోలీసులు మిషన్ తీసుకెళ్ళారు.

నువ్వు ప్రెషర్ తగ్గించమన్నావు. ఆ మెనూలోకి వెళ్ళి పదమూడుని ఏడు చేశాను. మరీ తక్కువేమో అనిపించింది. కానీ ఆయన సుఖంగా పడుకున్నారు కదా అని ఊరుకున్నాను. అంత తగ్గించకూడదా? ఎంతవరకు తగ్గించమన్నావు?

అక్క


సన్నీబ్యాంక్
20 మే

అక్కా,

నేను మిషన్ గురించి అనలేదు.

నువ్వే రాశావు కదా, షుగరూ ప్రెషరూ ఉన్నాయని. దానికి జవాబు. జీపీ చూసిన ప్రెషర్. నాన్నకి ఉన్న ప్రెషర్. పొద్దున్నే "ప్రెషర్ మాత్ర వేసుకున్నారా" అని అమ్మ కేకేసేది చూడు, అది. మిషన్ అంకె మార్చమని నేనెందుకు అంటాను? పదమూడు అన్నది ఎవరో రాత్రంతా మేలుకుని, ఒక్కొక్క అంకే పెంచుతూ, ఊపిరి ఆగడం ఎక్కడ మానిందో చూసి పెట్టిన అంకె. నా ఉద్యోగమే అది.

"తగ్గించాను" అని నువ్వు రాస్తే ఉప్పు అనుకున్నాను. "ఉప్పు కూడా" అని రాశావు. ఆ "కూడా" నాకు కనిపించలేదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. మా ల్యాబు పేషెంటు కానివాళ్ళకి సెట్టింగుల గురించి ఏమీ చెప్పకూడదని మాకు రూలుంది. ఆ మెనూ ఎలా తెరవాలో నేను నీకు రాశాను. ఇది బయటపడితే హెడ్ ఉద్యోగం కాదు, ఉన్న ఉద్యోగం పోతుంది. మన మెయిల్స్ అన్నీ డిలీట్ చెయ్యి. ట్రాష్‌లోంచి కూడా. నేను చేసేశాను.

బావగారి ఎముకలు ఎలా ఉన్నాయి?

చాముండి


కెల్లీవిల్
25 ఆగస్టు

చాముండీ,

ఎముకలు అతుకుతున్నాయి.

కేసు పెట్టారు. ప్రమాదకరంగా నడిపి మనిషి చావుకి కారణమైనందుకు. పారమట్టాలో లాయరుని పెట్టుకున్నాం. మొన్న మిషన్ రిపోర్టు ఆవిడ ముందుకొచ్చింది. ఫిబ్రవరి ఆఖర్లో పదమూడు ఏడైంది. షాపువాళ్ళ కంప్యూటర్ నుంచి కాదు, మిషన్ బటన్లతోనే మార్చారు. ఆరోజు నుంచీ ఊపిరి ఆగడం మళ్ళీ మొదలైంది.

"హూ చేంజ్‌డ్ ఇట్?" అని లాయరు అడిగింది. గదిలో మేం ముగ్గురమే. మీ బావగారు నావైపు చూడలేదు. "ఐ డిడ్" అన్నారు. పోలీసులకీ అదే చెప్పారట. "గాలి భరించలేక నేనే తగ్గించుకున్నాను."

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. వైద్యాన్ని తనే తెలిసి తగ్గించుకుని కారు నడిపిన మనిషి అవుతారు మీరు, ప్రాసిక్యూషన్‌కి ఇంతకంటే ఏం కావాలి అంది. జైలు తప్పదు, ఎన్నేళ్ళన్నదే మాట్లాడుకోవాలి అంది.

నేను నోరు తెరవలేదు. ఇంటికొచ్చాక కూడా ఆయన ఆ ఊసెత్తలేదు. "కాఫీ పెట్టవా" అన్నారు.

మెయిల్స్ డిలీట్ చెయ్యలేదు. చెయ్యాలా వద్దా అని రోజూ తెరిచి చూస్తున్నాను.

అక్క


సన్నీబ్యాంక్
26 ఆగస్టు

అక్కా,

ఆయన చెప్పింది అలాగే ఉండనీ. ఆలోచించే అన్నారు ఆ మాట. నువ్వు ఇప్పుడు వెళ్ళి "కాదు, నేను" అంటే ఆయన పోలీసులకి అబద్ధం చెప్పినట్టవుతుంది. నిన్ను ఎందుకు మార్చావని అడుగుతారు. నువ్వు నన్ను చూపించాలి. అమూల్యకి తల్లీ తండ్రీ ఇద్దరూ కోర్టులో నిలబడతారు. ఒకరు పడే శిక్ష ముగ్గురం ఎందుకు పడాలి?

కారు నడిపింది ఆయన. సిగ్నల్ దగ్గర రెండుసార్లు నిద్రపోయానని ఆయనకి తెలుసు. తెలిసే నడిపారు. అది నువ్వూ నేనూ చేసింది కాదు.

నిన్ననే హెడ్‌గా చేరాను.

చాముండి


కెల్లీవిల్
2 ఫిబ్రవరి 2025

చాముండీ,

నీ మెయిల్ తర్వాత అయిదు నెలలు ఏమీ రాయలేదు. ఊరుకుంటే సర్దుకుంటుందని నేనూ అనుకున్నాను. కోర్టు తేదీ దగ్గరికొచ్చింది. ఆయన ఆఫీసు కాగితాలు సర్దడం, బ్యాంకు పాస్‌వర్డులు అమూల్యకి నేర్పడం మొదలుపెట్టారు. అది చూశాక ఊరుకోలేకపోయాను.

లాయరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. మిషన్ నేను మార్చాను అని చెప్పాను. మెయిల్స్ అన్నీ ఇచ్చాను. సిగ్నల్ దగ్గర నిద్రపోయిన సంగతి వాటిలో ఉంది, అది ఆయనకి చెరుపే అవుతుందని ఆవిడ హెచ్చరించింది. సగం మెయిల్స్ ఇచ్చి సగం దాచడం కుదరదు కదా. ఇచ్చేశాను.

వాటిని ఇంగ్లీషులోకి మార్చడానికి కోర్టు ఒప్పుకునే అనువాదకురాలిని పెట్టారు. విజయనగరం అమ్మాయి. "ముందు ప్రెషర్ తగ్గించండి" దగ్గర ఆమె ప్రెషర్ అన్న మాటని అలాగే ఉంచింది. ఏ ప్రెషరో స్పష్టంగా రాయమని లాయరు అడిగింది. "అది ముందే ఇంగ్లీషు మాట మేడమ్. ఇందులో నేను అనువదించడానికి ఏముంది? ఏదో ఒకటి ఎంచుకుంటే నా సొంత మాట కలిపినట్టవుతుంది" అందట. నువ్వు రాసింది బీపీ గురించేనని నేను స్టేట్‌మెంట్‌లో రాశాను. పొరపాటు పడింది నేను. కానీ మెనూ ఎలా తెరవాలో రాసింది నువ్వని కూడా అందులో ఉంది. స్టేట్‌మెంట్ వచ్చే వారం కోర్టుకి వెళ్తుంది. ఈలోగా మీ ల్యాబులో నువ్వే ముందు చెప్పుకుంటే మంచిదని ఇది రాస్తున్నాను.

మీ బావగారికి లాయరు ఫోన్ చేసి చెప్పింది. ఆయన వంటింట్లోకి వచ్చారు. "నువ్వేనని నాకు ఆసుపత్రిలోనే తెలుసు. ఇంట్లో ఉన్నది ఇద్దరం. ఎప్పుడు చెబుతావా అని చూశాను. చెల్లెలికి చెప్పావు, లాయరుకి చెప్పావు. నాకు ఆవిడెవరో ఫోన్ చేసి చెప్పాలా?" అన్నారు.



అక్క


బ్రిస్బేన్
11 ఫిబ్రవరి 2025

శ్రీమతి విద్యావతి గారికి,

మీ 2వ తేదీ మెయిల్ అందింది.

గత ఏడాది ఫిబ్రవరి 19న నేను మీకు రాసిన వాక్యం శ్రీ హేమచంద్ర గారి రక్తపోటుకు సంబంధించినది. శ్వాస యంత్రపు గాలి ఒత్తిడికి సంబంధించినది కాదు. ఆ ఉత్తరం కుటుంబ సభ్యుల మధ్య సాగిన మామూలు సంభాషణ. దానిని వృత్తిపరమైన సలహాగా భావించి యంత్రంలో చేసిన మార్పులకు నేను బాధ్యురాలిని కాను.

మా సంస్థ విచారణ ప్రారంభించి, అది పూర్తయ్యేవరకు నన్ను విధుల నుంచి తప్పించింది. నా న్యాయవాది సూచన మేరకు ఇకపై మీతో ఫోన్ ద్వారా గానీ, రాతపూర్వకంగా గానీ సంప్రదింపులు జరపను. కేసు వివరాలు నాకు తెలియజేయనవసరం లేదు. అమ్మగారి సంవత్సరీకానికి మీరు ఇక్కడికి రానవసరం లేదు.

ఇట్లు,
చాముండేశ్వరి


కెల్లీవిల్
7 సెప్టెంబర్ 2025

చాముండీ,

తెలియజేయనవసరం లేదన్నావు. తెలియజేస్తున్నాను. నువ్వు చదవకపోవచ్చు.

రక్తపోటు అని మనింట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. నీ లాయరు కోసం ఆ మాట దొరికింది. ఆరోజు నాకు రాసేటప్పుడు దొరకలేదు. నాకూ నిన్ను ఒక్క మాట అడగాలని తోచలేదు, ఏ ప్రెషర్ అని.

శిక్ష పడింది. మిషన్ ఆయన మార్చలేదని జడ్జి నమ్మారు. కానీ డ్రైవింగ్‌లో రెండుసార్లు నిద్రపోయి కూడా మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నారు కాబట్టి తప్పు తప్పేనన్నారు. రెండున్నరేళ్ళు. అందులో పదిహేను నెలలు లోపలే ఉండాలి. నేను చెప్పకపోయుంటే ఇంకా చాలా పడేదని లాయరు అంది. చెప్పినందువల్ల తగ్గింది ఎంతో, సిగ్నల్ సంగతి బయటపడ్డందువల్ల పెరిగింది ఎంతో ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు.

డేల్ భార్య కోర్టులో తను రాసుకొచ్చింది చదివింది. మా వైపు చూడకుండా చదివింది. బయటికొచ్చాక ఆవిడకి ఏదో చెప్పాలని నడిచాను. అమూల్య నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. "అమ్మా, డోంట్. ప్లీజ్. షీ డజంట్ వాంట్ అస్."

జైల్లో చూడ్డానికి ఎవరెవరు రావాలో ఖైదీయే పేర్లు ఇవ్వాలి. ఆయన అమూల్య పేరు ఒక్కటే ఇచ్చారు. అది ఆదివారాలు వెళ్తుంది. నేను కారు నడిపి తీసుకెళ్తాను. లోపలికి వెళ్ళేది అదొక్కతే. నేను పార్కింగ్‌లో కూర్చుంటాను.

మొన్న అది బయటికొచ్చి బెల్టు పెట్టుకుంటుంటే, నాన్న రాత్రుళ్ళు ఎలా పడుకుంటున్నారని అడిగాను. జైలు నర్సు డాక్టరు కాగితం చూసి మిషన్‌ని సరిగ్గా పెట్టిందట.

"హీ స్లీప్స్ రియల్లీ వెల్ నౌ, అమ్మా" అంది. తర్వాత ఇంటిదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

విద్యక్క